రస్ట్‌లో టైమర్లు: కాసేపాగి పిలవడం, మళ్ళీ మళ్ళీ పిలవడం

భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద, మోటారు షెడ్డులో గోడకి కొట్టిన ప్లాస్టిక్ డబ్బాలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంది. దాని మీద నడిచే ప్రోగ్రామ్ నాది, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. పది సెకన్లకోసారి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ నుంచి చదవాలి. నిమిషానికోసారి ఆ లెక్క సర్వర్‌కి పంపి, 4 పీపీఎం కంటే తక్కువుంటే రైతుకి మెసేజ్ కొట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు నాలుగు ఏరేటర్లనీ (నీళ్ళలోకి గాలి కలిపే మోటార్లు) ఒక్కసారి కాకుండా, కాస్త ఆగి ఒకదాని తర్వాత ఒకటి వేయాలి, ఎందుకంటే మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటు మామూలుగా తిరిగేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ, నాలుగూ కలిసి లేస్తే ఫ్యూజు నిలవదు. చూడబోతే రెండు రిపీట్ టైమర్లు, ఒక ఆలస్యం టైమర్. ఒక సాయంత్రం పని అనుకున్నా. నెల పట్టింది. ఆ నెలలో నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నా, మీ పని చెరువు కాకపోయినా గేమ్ సర్వరో, చాట్ యాప్ బ్యాకెండో అయినా ఇవే గుంతలు తగులుతాయి.

కోడ్‌ని తెలుగు మాటల్లోనే రాస్తాను. రస్ట్ కొంచెం వచ్చినవాళ్ళకి దాన్ని మార్చుకోవడం పెద్ద పని కాదు.

అందరూ మొదట రాసేది ఇదే, నేనూ ఇదే రాశా:

లూప్:
    సెన్సర్ చదువు
    10 సెకన్లు పడుకో

ఇందులో తప్పేముంది అంటే, నా సెన్సర్ జవాబివ్వడానికి దాదాపు 400 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే ఒక చుట్టుకి పది సెకన్లు కాదు, 10.4 సెకన్లు. రోజుకి రావలసిన రీడింగులు 8,640 అయితే వచ్చేవి 8,307. దీనికి తోడు థ్రెడ్ స్లీప్ (ఆ "పడుకో" వెనకున్న రస్ట్ ఫంక్షన్) ఇచ్చే హామీ ఒక్కటే, అడిగినంతసేపు కంటే తక్కువ పడుకోను అని, ఎక్కువసేపు పడుకోనని అది ఎప్పుడూ చెప్పలేదు. లోడు మీదున్న మిషన్ మీద ఆ ఎక్కువ ఎంతైనా కావచ్చు. కాబట్టి ఎంతసేపు పడుకోవాలి అన్నది దాచుకోకండి, తర్వాత ఎప్పుడు లేవాలి అన్నది దాచుకోండి:

తర్వాతి = ఇప్పుడు + 10 సెకన్లు
లూప్:
    తర్వాతి వచ్చేదాకా పడుకో
    సెన్సర్ చదువు
    తర్వాతి = తర్వాతి + 10 సెకన్లు

చివరి లైను చూడండి. "ఇప్పుడు + 10" అని రాస్తే మళ్ళీ పాత కథే, ప్రతి చుట్టులో ఆలస్యం వచ్చి కలుస్తుంది. "తర్వాతి + 10" అంటే ఒక చుట్టు ఆలస్యమైనా దాని తర్వాతది సరైన చోటుకే వస్తుంది. పడుకోవలసిన సమయం లెక్కకట్టేటప్పుడు ఇన్‌స్టెంట్ (కింద చెప్పబోయే రస్ట్ గడియారం) మీద ఉన్న సాచురేటింగ్ డ్యూరేషన్ సిన్స్ వాడండి, డెడ్‌లైన్ అప్పటికే దాటిపోతే సున్నా ఇస్తుంది, రచ్చ చేయదు.

ఇక "ఇప్పుడు" అంటే ఏ గడియారం? ఇక్కడే నేను నిండా మునిగింది. రస్ట్‌లో రెండున్నాయి. సిస్టమ్‌టైమ్ అంటే గోడ గడియారం, ఎవరైనా ముళ్ళు తిప్పొచ్చు, ముందుకీ వెనక్కీ. ఇన్‌స్టెంట్ అంటే స్టాప్‌వాచ్, ముందుకే పోతుంది, దానిలో ఎన్నైందో చూసి తేదీ చెప్పలేం, రెండు ఇన్‌స్టెంట్‌ల మధ్య తేడా మాత్రమే చెప్పగలం. నేను మొదటి వెర్షన్‌లో సిస్టమ్‌టైమ్ వాడాను, ఎలాగూ రీడింగ్ పక్కన టైము రాయాలి కదా, అదే పనికొస్తుందని.

డబ్బాలో చిన్న బ్యాటరీ ఉంది, అరగంట లాగుతుంది. జనరేటరేమో మోటార్ల లైనుకే కట్టారు. ఒక రాత్రి మూడు గంటల పైన కరెంటు పోయింది, అరగంటకి మా రాస్ప్‌బెర్రీ పై కూడా ఆగిపోయింది. నేను వాడిన పాత మోడల్ పైలో బ్యాటరీ మీద నడిచే గడియారం లేదు, చివరిసారి ఫైల్లో రాసిపెట్టుకున్న టైము నుంచే మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. కరెంటొచ్చింది, పై లేచింది, ప్రోగ్రామ్ లేచి పాత టైము ప్రకారం డెడ్‌లైన్లు పెట్టుకుంది. ఒకటి రెండు నిమిషాలకి ఫోర్‌జీ డాంగిల్‌కి సిగ్నల్ దొరికి, ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైము తెచ్చేది) వచ్చి గడియారాన్ని ఒక్కసారిగా దాదాపు మూడు గంటలు ముందుకి జరిపింది. నా ప్రోగ్రామ్ దృష్టిలో మూడు గంటల టైమర్లు మిస్సయ్యాయి. బుద్ధిమంతుడిలా అన్నీ వరసగా నడిపింది. 1,080 సెన్సర్ రీడింగులు, ఒక్కోటి 400 మిల్లీసెకన్ల లెక్కన ఏడు నిమిషాల పైనే పోర్టు వదల్లేదు. నిమిషం టైమర్ 180 సార్లు. ఆ రాత్రి ఆక్సిజన్ నిజంగానే కాస్త తక్కువ ఉంది, కాబట్టి 180 మెసేజ్‌లు. పొద్దున్నే రైతు ఫోన్: "ఏమండీ, రాత్రి ఆ మెసేజ్‌ల దెబ్బకి రొయ్య బానే ఉంది గానీ, నేను పోయేలా ఉన్నానండీ."

ఇన్‌స్టెంట్ వాడి ఉంటే ఎన్‌టీపీ ఎంత జరిపినా టైమర్లకి తెలిసేది కాదు. రీడింగ్ పక్కన రాసే తేదీకి సిస్టమ్‌టైమ్, టైమర్లకి ఇన్‌స్టెంట్, ఈ రెండూ కలపొద్దు. ఒక చిన్న విషయం: లినక్స్‌లో ఇన్‌స్టెంట్ వెనకున్న మోనోటోనిక్ గడియారం మిషన్ సస్పెండ్‌లో ఉన్నంతసేపూ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ మూత వేసి రెండు గంటల తర్వాత తీస్తే దాని దృష్టిలో ఆ రెండు గంటలు లేవు. ఆ నిద్ర కూడా లెక్కలోకి రావాలంటే బూట్‌టైమ్ గడియారాన్ని నేరుగా సిస్టమ్‌ని అడగాలి.

గోడ గడియారమే కావలసిన పనులూ ఉంటాయి, "రోజూ పొద్దున ఆరింటికి" లాంటివి. దాన్ని "24 గంటలకోసారి" అని రాయకండి. మన దగ్గర ఏడాదంతా ఒకటే టైము కాబట్టి తప్పు బయటపడదు, కానీ అదే ప్రోగ్రామ్ డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు నడిపితే మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి పోతుంది, ఆరింటి పని ఏడింటికో ఐదింటికో జరుగుతుంది. నేనైతే ఇలాంటి వాటికి పొడవాటి టైమర్ పెట్టను. నిమిషానికోసారి లేచి, ఇవాళ్టి ఆరు దాటిందా, ఇవాళ్టి పని అయ్యిందా అని చూసుకునే చిన్న చెక్ చాలు.

ఇప్పుడు అసలు టైమర్ మెషీన్. ఒక్కో టైమర్‌కీ ఒక్కో థ్రెడ్ (ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే పని వరస) పెట్టి పడుకోబెట్టడం రెండు మూడు టైమర్ల వరకూ తప్పేమీ కాదు, సిగ్గుపడక్కర్లేదు. పెరిగితే మాత్రం ఒకే థ్రెడ్, ఒక హీప్ (వరసలో ముందున్నది ఎప్పుడూ పైన దొరికే కుప్ప), ఒక కాండ్‌వార్ (ఎవరైనా లేపేదాకా లేదా టైమయ్యేదాకా థ్రెడ్‌ని పడుకోబెట్టేది). హీప్‌లో డెడ్‌లైన్, ఐడీ జతగా ఉంటాయి. కాల్‌బ్యాక్‌లు (టైమర్ మోగినప్పుడు పిలవాల్సిన పనులు) విడిగా హ్యాష్‌మ్యాప్‌లో, ఐడీ కింద. క్లోజర్లని (ఆ కాల్‌బ్యాక్‌లని రాసే పేరులేని ఫంక్షన్లు) చిన్నదీ పెద్దదీ అని పోల్చలేం కాబట్టి వాటిని నేరుగా హీప్‌లో వేయబోతే కంపైలర్ ఒప్పుకోదు. రస్ట్ బైనరీ హీప్‌లో పెద్దది పైకి వస్తుంది, మనకి ముందొచ్చే డెడ్‌లైన్ పైకి రావాలి, కాబట్టి రివర్స్‌లో చుట్టి పెట్టండి. ఇది మర్చిపోతే అన్నిటికంటే దూరంగా ఉన్న టైమర్ కోసం మిగతావన్నీ ఎదురుచూస్తూ కూర్చుంటాయి, ఎర్రర్ కూడా రాదు. హీప్‌నీ మ్యాప్‌నీ ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా ఒక లాక్ కాపాడుతుంది:

లాక్ తీసుకో
లూప్:
    హీప్ ఖాళీ: కాండ్‌వార్ మీద ఎదురుచూడు, మళ్ళీ లూప్ మొదటికి
    పైనున్న ఐడీ మ్యాప్‌లో లేదు: తీసి పారెయ్, మళ్ళీ మొదటికి
    పైనున్న డెడ్‌లైన్ ఇంకా రాలేదు: మిగిలిన సమయం వరకే ఎదురుచూడు, మళ్ళీ మొదటికి
    డెడ్‌లైన్ వచ్చింది: హీప్ నుంచి తీసెయ్, కాల్‌బ్యాక్‌ని చేతిలోకి తీసుకో
        లాక్ వదులు
        కాల్‌బ్యాక్ పిలువు
        లాక్ మళ్ళీ తీసుకో
        ఒకసారి టైమర్: మ్యాప్ నుంచి ఐడీ తీసెయ్
        రిపీట్ టైమర్, మధ్యలో క్యాన్సిల్ కాలేదు: కొత్త డెడ్‌లైన్‌తో తిరిగి పెట్టు

"మళ్ళీ మొదటికి" అని అన్నిసార్లు ఊరికే రాయలేదు. కాండ్‌వార్ ఎవరూ లేపకుండానే లేవొచ్చు, ఆ సంగతి దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది. లేచిన ప్రతిసారీ డెడ్‌లైన్ నిజంగా వచ్చిందా అని చూడాల్సిందే. ఇక కొత్త టైమర్ వేసినప్పుడు కాండ్‌వార్‌ని నోటిఫై చేయడం మరవద్దు. గంట తర్వాత మోగాల్సిన టైమర్ కోసం థ్రెడ్ పడుకుని ఉంది, మీరు రెండు సెకన్ల టైమర్ వేశారు, లేపలేదు, ఇంకేముంది, అది గంటకి మోగుతుంది. టెస్టులో ఎప్పుడూ దొరకదు, ఎందుకంటే టెస్టులో అన్నీ చిన్న టైమర్లే పెడతాం.

లాక్ పట్టుకుని కాల్‌బ్యాక్ పిలవకండి. కాల్‌బ్యాక్ లోపల ఇంకో టైమర్ వేసుకోవడం చాలా మామూలు పని, అదే లాక్ కోసం అదే థ్రెడ్ రెండోసారి అడుగుతుంది, రస్ట్ మ్యూటెక్స్ (ఆ లాక్) దానికి ఒప్పుకోదు, అక్కడే బిగుసుకుపోతుంది లేదా పానిక్ అవుతుంది (తప్పు జరిగిందని ఆ థ్రెడ్‌ని అక్కడే ఆపేస్తుంది). ఇంతవరకూ అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది ఇంకోటి: క్యాన్సిల్ చేసేటప్పుడు మ్యాప్ నుంచి తీసిన క్లోజర్‌ని కూడా లాక్ వదిలాకే పడేయండి. ఆ క్లోజర్ పట్టుకున్న వస్తువుకి డ్రాప్ (వస్తువు పోయేటప్పుడు నడిచే కోడ్) ఉండి, ఆ డ్రాప్ లోపల ఇంకో టైమర్ క్యాన్సిల్ చేసే లైను ఉంటే మళ్ళీ అదే బిగింపు. నాకిది దొరకడానికి రెండు రోజులు పట్టింది, దొరికాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

క్లోజర్ల రకాల గురించి పెద్దగా ఏమీ లేదు. ఒకసారి మోగేదానికి ఎఫ్ఎన్ వన్స్, మళ్ళీ మళ్ళీ మోగేదానికి ఎఫ్ఎన్ మ్యూట్, రెండిటినీ బాక్స్‌లో పెట్టి సెండ్, స్టాటిక్ అడగండి. స్టాటిక్ అంటే కంపైలర్ బయట వస్తువులని అప్పుగా తీసుకోనివ్వదు, దాంతో అందరం ఆర్క్ (ఒకే వస్తువుని పలువురు పట్టుకునే పాయింటర్) క్లోన్ చేసి లోపలికి తోస్తాం. అక్కడ ఒక్క క్షణం ఆగండి. పంపు అనే స్ట్రక్ట్ దగ్గర టైమర్ హ్యాండిల్ ఉంది, టైమర్ కాల్‌బ్యాక్ దగ్గర పంపు ఆర్క్ ఉంది. ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు, ఇద్దరూ పోరు, రిపీట్ టైమర్ ప్రోగ్రామ్ చచ్చేదాకా మోగుతూనే ఉంటుంది. లోపలికి వీక్ (వస్తువుని బతికించి ఉంచని పాయింటర్) ఇచ్చి, మోగినప్పుడల్లా అప్‌గ్రేడ్ చేసి చూడండి, అసలు వస్తువు లేకపోతే టైమర్ తనంతట తానే ఆగిపోవాలి.

క్యాన్సిల్ సంగతి ఏరేటర్ల దగ్గర బాగా అర్థమవుతుంది. కరెంటు వచ్చిందని తెలియగానే 30, 40, 50, 60 సెకన్లకి నాలుగు ఒకసారి టైమర్లు వేసి, వాటి ఐడీలు దాచుకుంటా. పల్లెల్లో కరెంటు వచ్చి ఇరవై సెకన్లకి మళ్ళీ పోవడం కొత్త కాదు, అప్పుడు నాలుగూ క్యాన్సిల్ చేయాలి. చేయకపోతే కరెంటు రెండోసారి వచ్చేసరికి పాత నాలుగూ కొత్త నాలుగూ కలిసి ఎనిమిది టైమర్లు తిరుగుతుంటాయి, ఏది ఎప్పుడు మోటారు వేస్తుందో దేవుడికే తెలియాలి. మెషీన్ లోపల క్యాన్సిల్ అంటే మ్యాప్ నుంచి ఐడీ తీసేయడమే, హీప్ మధ్యలో వెతకక్కర్లేదు, పైకొచ్చినప్పుడు మ్యాప్‌లో లేకపోతే అది చచ్చిన టైమరని తెలిసిపోతుంది. ఐడీలు మాత్రం అరవై నాలుగు బిట్ల అంకెగా పెంచుకుంటూ పోండి, వాడినవి తిరిగి వాడొద్దు. గంట టైమర్లు వేలకొద్దీ వేసి వెంటనే క్యాన్సిల్ చేసే ప్రోగ్రామ్ అయితే చచ్చినవి హీప్‌లో పేరుకుపోతాయి, అప్పుడప్పుడు ఊడ్చాలి.

ఒక సందు మిగులుతుంది. మీరు క్యాన్సిల్ పిలిచే క్షణానికే టైమర్ థ్రెడ్ లాక్ వదిలి కాల్‌బ్యాక్ మొదలుపెట్టేసి ఉండొచ్చు. రిపీట్ టైమర్‌కైతే పరవాలేదు, కాల్‌బ్యాక్ నడుస్తున్నంతసేపూ మ్యాప్‌లో ఖాళీ ఆప్షన్‌తో ఎంట్రీ ఉంచి, తిరిగొచ్చేసరికి ఎంట్రీ మాయమైతే మళ్ళీ పెట్టకుండా వదిలేయొచ్చు. కానీ ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే ఏరేటర్ వేసే కాల్‌బ్యాక్ మొదటి లైనులోనే కరెంటు ఇప్పుడు ఉందా అని మళ్ళీ చూస్తా. క్యాన్సిల్ మీద మాత్రమే భరోసా పెట్టుకుని మోటారు స్విచ్చి ముట్టుకోను.

కాల్‌బ్యాక్ పానిక్ అయితే? ఏ ఏర్పాటూ చేయకపోతే టైమర్ థ్రెడ్ ఒక్కటే చస్తుంది, ప్రోగ్రామ్ మిగతాది హాయిగా నడుస్తుంటుంది, ఒక్క టైమరూ మోగదు. క్యాచ్ అన్‌వైండ్‌తో పట్టుకుని లాగ్‌లో రాసి ముందుకు పోవచ్చు, పానిక్‌ని అబార్ట్‌గా పెట్టి కంపైల్ చేస్తే అది పని చేయదు. నా డబ్బాలో అబార్టే పెట్టాను. సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లని నడిపించి చూసుకునేది) తిరిగి లేపుతుంది, సగం చచ్చిన ప్రోగ్రామ్ కంటే అది మేలు.

ఇదంతా చేత్తో రాసుకోవాలా అంటే, అసింక్ ప్రోగ్రామ్ (థ్రెడ్‌ని ఆపకుండా ఎదురుచూసే పనులతో రాసినది) అయితే అక్కర్లేదు, టోకియో అనే రస్ట్ లైబ్రరీ ఉంది. అందులో హీప్ కాదు, ఆరు మెట్ల టైమర్ చక్రం, ఒక్కో మెట్టులో 64 గళ్ళు, కనీస కొలత ఒక మిల్లీసెకను. 1987లో జార్జ్ వర్గీస్, టోనీ లాక్ చెప్పిన ఆలోచనే ఇది, టైమర్లు లక్షల్లో ఉన్నా వేయడం తీయడం దాదాపు ఒకే ఖర్చు. 64ని ఆరుసార్లు గుణిస్తే వచ్చే మిల్లీసెకన్లు రెండేళ్ళ రెండు నెలల పైచిలుకు, స్లీప్ అంతకంటే ఎక్కువ పడుకోదు. అంత పొడుగు టైమర్ వేసేవాళ్ళు క్యాలెండర్ కొనుక్కోవడం నయం.

ఒకసారి టైమర్ అంటే టాస్క్ ఒకటి స్పాన్ చేసి (విడిగా మొదలుపెట్టి), స్లీప్‌ని అవెయిట్ చేసి (అయ్యేదాకా ఎదురుచూసి), తర్వాత పని. రిపీట్ అంటే ఇంటర్వెల్, లూప్‌లో టిక్‌ని అవెయిట్ చేయడం. ఇంటర్వెల్ మొదటి టిక్ వెంటనే వచ్చేస్తుంది, పది సెకన్ల తర్వాత కాదు, అలా వద్దనుకుంటే ఇంటర్వెల్ యాట్ వాడండి. పీరియడ్ సున్నా ఇస్తే పానిక్ అవుతుంది, కాన్ఫిగ్ ఫైల్ నుంచి చదివేవాళ్ళు జాగ్రత్త.

టోకియోలో నాకు బాగా నచ్చింది, మిస్సయిన టిక్‌లని ఏం చేయాలో మనల్నే చెప్పమనడం. పది సెకన్ల టైమర్, పదో సెకనుకి మొదలైన పని ముప్పై ఐదు దాకా లాగిందనుకోండి. 20, 30 మిస్సయ్యాయి. బర్స్ట్ అయితే 35లోనే ఆ రెండూ వెంటవెంటనే వచ్చేస్తాయి, తర్వాత 40, 50 మామూలే. డిలే అయితే 35లో ఒకటి, అక్కడి నుంచి కొత్త లెక్క, 45, 55. స్కిప్ అయితే 35లో ఒకటి, తర్వాత పాత గీతల మీదికే, 40, 50. చెప్పకపోతే బర్స్ట్. డబ్బు లెక్కలు, వాడకం లెక్కలు లాంటి ప్రతి టిక్కూ లెక్కలోకి రావలసిన పనికి బర్స్ట్ సరే. సెన్సర్ రీడింగ్‌కి స్కిప్, ఎందుకంటే పోయిన ఇరవయ్యో సెకను ఆక్సిజన్‌ని ఇప్పుడెవరూ చదవలేరు. అవతలివాళ్ళకి ఊపిరి ఆడాలంటే, అంటే సర్వర్‌కి రిక్వెస్టులు పంపేటప్పుడు, డిలే. నేను చేత్తో రాసిన "తర్వాతి + 10" లూప్ నాకు తెలియకుండానే బర్స్ట్, 180 మెసేజ్‌ల వెనక సగం తప్పు గడియారానిది, మిగతా సగం దీనిది.

టోకియోలో స్పాన్ ఇచ్చిన హ్యాండిల్‌ని వదిలేస్తే టాస్క్ ఆగదు, ఊరికే చెయ్యి జారిపోతుంది. ఆపాలంటే అబార్ట్ పిలవాలి, అది కూడా టాస్క్ తర్వాతి అవెయిట్ దగ్గరికి వచ్చాకే ఆగుతుంది. టాస్క్‌లో పానిక్ అయితే మిగతా టాస్క్‌లకి ఏమీ కాదు, ఆ రిపీట్ టైమర్ మాత్రం చప్పుడు లేకుండా పోతుంది, హ్యాండిల్‌ని ఎవరూ అవెయిట్ చేయకపోతే కోడ్‌లో ఎవరూ పట్టించుకోరు. అసింక్ లోపల థ్రెడ్ స్లీప్ పిలవకండి, వర్కర్ థ్రెడ్ మొత్తం పడుకుంటుంది. నా సీరియల్ పోర్టు రీడింగ్ 400 మిల్లీసెకన్లు బ్లాక్ చేసేదే, దాన్ని అలాంటి పనులకి విడి థ్రెడ్లున్న స్పాన్ బ్లాకింగ్‌లోకి తోశాను.

సర్వర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఊరంతటికీ కరెంటు ఒకేసారి వస్తుంది, గట్ల మీద డబ్బాలన్నీ ఒకేసారి లేస్తాయి, నిమిషానికోసారి పంపే టైమర్లన్నీ ఒకే సెకనులో మోగుతాయి. మొదటి టిక్‌కి ముందు సున్నా నుంచి అరవై సెకన్ల మధ్య ఏదో ఒక ర్యాండమ్ ఆలస్యం వేస్తే ఆ గుంపు విడిపోతుంది.

చివరికి టెస్టులు. టోకియోలో టెస్ట్ యుటిల్ ఫీచర్ పెట్టుకుని, టెస్ట్‌కి స్టార్ట్ పాజ్డ్ అని రాస్తే గడియారం ఆగి ఉంటుంది, అన్ని టాస్క్‌లూ టైమర్ కోసమే ఎదురుచూస్తుంటే అదే తర్వాతి డెడ్‌లైన్‌కి దూకుతుంది. ఒక రోజంతా నడవాల్సిన టెస్టు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. కోడ్‌లో స్టాండర్డ్ లైబ్రరీ ఇన్‌స్టెంట్ కాకుండా టోకియో ఇన్‌స్టెంట్ వాడాలి, లేకపోతే ఈ మాయ పని చేయదు. చేత్తో రాసిన మెషీన్‌కైతే "ఇప్పుడెంత" అనే ప్రశ్నని ఒక ట్రెయిట్ వెనక పెట్టి, టెస్టులో అబద్ధపు గడియారం ఇవ్వండి. నేను రాసిన మొదటి టెస్టు ఇదే: పది సెకన్ల టైమర్ వేసి, గడియారాన్ని ఒక్కసారిగా మూడు గంటలు ముందుకి జరిపి, కాల్‌బ్యాక్ ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టడం. ఒక్కసారే మోగాలి. పాత కోడ్ మీద నడిపితే 1,080 అని వచ్చింది.